చెరువులోనూ గాజుతొట్టెలోనూ: చిత్తూరు సీమలో ఆఫ్రికా సిక్లిడ్‌లు

జీవశాస్త్రజ్ఞులు సిక్లిడ్ కుటుంబంగా వ్యవహరించే చేపలలో ఇప్పటివరకు వర్ణితమైన జాతులు 1,700కు పైగా ఉండగా, వాటిలో అత్యధిక భాగం ఆఫ్రికాలోనూ మధ్య, దక్షిణ అమెరికాలలోనూ పుట్టినవే. భారతదేశానికి సొంతమైనవి మూడు మాత్రమే, అవి కూడా ద్వీపకల్పపు నదులకు, తీరపు ఉప్పుకయ్యలకు పరిమితమైనవే. ఈ మూడింటిలో పెద్దదైన, కేరళలో కరిమీనుగా పేరుమోసిన చేప పులికాట్ సరస్సులో కూడా దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి ఆ సరస్సు ఆంధ్ర భాగంలో అధికాంశం చేరడం వల్ల, ఒక దేశీయ సిక్లిడ్ ఆ జిల్లా సొత్తయింది. దాని దగ్గరి చుట్టాలు ఆఫ్రికా ప్రధాన భూభాగంలో కాక మడగాస్కర్ దీవిలో ఉన్నాయన్న సంగతి శాస్త్రజ్ఞులను చాలాకాలంగా ఆకర్షిస్తున్నప్పటికీ, చిత్తూరు, తిరుపతి ప్రాంత చరిత్రలో ఎక్కువ చోటు సంపాదించుకున్నవి మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చిన సిక్లిడ్‌లే. అవి ఈ సీమకు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో రెండుసార్లు వచ్చాయి: మొదట పేదవాడి కూరచేపగా చెరువులకు, తరువాత రంగుచేపగా ఇళ్లలోని గాజుతొట్టెలకు. మొదటిదాన్ని చీడగా నిందించడానికీ, రెండోదాన్ని ముచ్చటపడి పెంచడానికీ కారణం ఒకే శరీర ధర్మం కావడం ఈ చరిత్రలోని అసలు విశేషం.

పరదేశపు చేపలను తెచ్చి దేశంలోని నీళ్లలో వదలడం మద్రాసు ప్రెసిడెన్సీకి పాత అలవాటే. దోమపిల్లలను తింటాయన్న ఆశతో 1908లో గప్పీ చేపలను భారతదేశానికి తెచ్చారు; మద్రాసు మత్స్యశాఖకు ఆద్యుడైన ఫ్రెడరిక్ నికల్సన్ కాలంలో, 1916లో, జావా, మారిషస్‌ల నుంచి గౌరామి అనే పెద్దచేప మద్రాసుకు చేరింది. గాజు వెనుక చేపను చూడడం అనే వినోదం కూడా ఆ నగరం నుంచే మొదలైంది: మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ చొరవతో 1909లో మెరీనా తీరాన ప్రారంభమైన మత్స్య ప్రదర్శనశాల దేశంలోనే మొదటిది. అప్పటికి చిత్తూరు ఇంకా జిల్లా కాదు, ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం; 1911 ఏప్రిల్ 1న దాని పేరిట జిల్లా ఏర్పడింది. పాలనలోనూ వ్యాపారంలోనూ చదువులోనూ ఈ సీమ చూపు మద్రాసు వైపే ఉండేది కాబట్టి, చేపల విషయంలో కూడా మద్రాసులో జరిగినది కాస్త ఆలస్యంగానైనా ఇక్కడికి చేరేది.

ఆఫ్రికా సిక్లిడ్‌లలో మొదట వచ్చిన తిలాపియా కథ అలాంటిదే. ఆగ్నేయ ఆఫ్రికా నదులలో, ప్రధానంగా దిగువ జాంబెజీ పరిసరాల్లో, పుట్టిన ఈ చేపను జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ పీటర్స్ 1852లో మొజాంబిక్ పేరు కలిపి వర్ణించాడు. 1939లో ఇది జావా దీవి దక్షిణ తీరంలోని ఒక నదీముఖంలో అనుకోకుండా కనిపించింది. ఎవరో అక్వేరియంలో పెంచుకుని వదిలేసిన చేపల సంతతే అయి ఉంటుందని పండితులు భావించారు. దాన్ని కనుగొని పెంచిన ముజైర్ అనే వ్యక్తి పేరుతోనే ఇండోనేషియాలో ఈనాటికీ దాన్ని పిలుస్తారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ ఆక్రమణతో ఆ దీవులన్నిటా పాకి, యుద్ధానంతర ఆహార కొరతలో చవకైన మాంసకృత్తుల వనరుగా కీర్తి పొంది, సింహళం మీదుగా 1952 ఆగస్టులో రామేశ్వరం చెంతనున్న మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చేరింది. ఆ కాలంలోనే మద్రాసు మత్స్యశాఖ బ్యాంకాక్ నుంచి మరికొన్నిటిని తెప్పించింది. చిత్తూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని జిల్లాయే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా ఏడాదికి పైగా, అంటే 1953 అక్టోబరు 1 వరకు, గడువు ఉంది. అందువల్ల తిలాపియాను ఆహ్వానించిన ప్రభుత్వం ఈ జిల్లా వాసుల సొంత ప్రభుత్వమేనని చెప్పక తప్పదు.

చిత్తూరు నేల స్వభావం ఆ చేపకు అతికినట్టు సరిపోయింది. ఏడాది పొడుగునా పారే నది లేని ఈ ప్రాంతంలో సేద్యం తరతరాలుగా గొలుసుకట్టు చెరువుల మీద ఆధారపడింది. పై చెరువు నిండి మరవ పారినప్పుడు ఆ నీరు వాగులోకి, వాగు నుంచి కింది చెరువులోకి చేరుతుంది కాబట్టి, ఒక చెరువులో వదిలిన చేప మంచి వాన పడిన ఏడు నాలుగు చెరువులకు వారసత్వమవుతుంది. తిలాపియా ఆడచేప తన గుడ్లను నోట్లోకి తీసుకుని అక్కడే పొదుగుతుంది. మూడు నుంచి అయిదు రోజుల్లో పిల్లలు బయటపడినా, పచ్చసొన సంచి కరిగి సొంతంగా ఈదగలిగే వరకు, దాదాపు రెండు వారాల పాటు, వాటిని నోట్లోనే మోస్తుంది. బయటికి వదిలాక సైతం ఏ కొర్రమీను నీడ పడినా పిల్లలు తల్లి నోట్లోకే పరుగెత్తుతాయి. గుడ్లు పెట్టడానికి పారే నీరు కావలసిన బొచ్చె, శీలావతి వంటి కార్పు జాతులు నిలవనీటి చెరువులో సంతానం పొందలేవు గనుక వాటి పిల్లలను ఏటా కొనితెచ్చి వదలాల్సి ఉండగా, తిలాపియాకు అడుగున గుంట తవ్వుకునేంత మెత్తటి ఇసుక ఉంటే చాలు. కొన్ని నెలల వయసుకే గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, నెల, నెలన్నరకు ఒక కాన్పు చొప్పున సాగించే ఈ చేప చెరువును తన పిల్లలతో నింపేస్తుంది. తిండి చాలక ఆ పిల్లలు అరచేయంత కూడా ఎదగవు.

ఈ ఫలితం త్వరలోనే స్పష్టమై, 1959లో జాతీయ మత్స్య పరిశోధన సంఘం తిలాపియాను కొత్త జలాశయాలలో వదలరాదని నిషేధం విధించింది. తూములకూ మరవలకూ ఆ ఉత్తర్వు వర్తించలేదు. చెరువులోని చేపల హక్కును పంచాయతీ దగ్గర వేలంలో పాడుకునే గుత్తేదారుకు ఇది కార్పు ఆదాయాన్ని తినేసే పిల్లచేప. కిలో బొచ్చె కొనలేని కూలీ ఇంటికి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండే పులుసుచేప. తమిళనాట దీన్ని జిలేబి కెండై అంటారు. తమిళ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ జిల్లాలో కూడా జిలేబి చేప అన్న పేరు చెల్లుతుంది. శాస్త్రీయ నివేదికలు దీన్ని కేవలం దురాక్రమణదారుగా చిత్రించడం సగం నిజమే. ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడు బురదనీటిలో బతికుండి పళ్లెంలోకి వచ్చిన చేప ఏదన్న లెక్క ఆ నివేదికలలో ఉండదు.

ఆఫ్రికా సిక్లిడ్‌ను తొట్టెలో పెంచడం తిరుపతిలో మొదట ఇంటి వేడుకగా కాక ప్రయోగశాల అవసరంగా స్థిరపడింది. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని జంతుశాస్త్ర విభాగం జీవక్రియా పరిశోధనకు పేరు తెచ్చుకోగా, ఆ పరిశోధనలలో విరివిగా వాడిన జీవులలో తిలాపియా ఒకటి. స్థానికంగా సులభంగా దొరకడం, తొట్టె జీవితానికి త్వరగా అలవాటు పడడం, ఒకే పరిమాణంలో కావలసినన్ని లభించడం దానికి కలిసివచ్చిన గుణాలు. వేరుశనగను ఆశించే పురుగులపై రైతులు రసాయన మందులు విస్తారంగా చల్లుతున్న ఆ దశాబ్దాలలో, పొలం నుంచి చెరువులోకి కొట్టుకొచ్చే మందు చేపను ఏం చేస్తుందన్నది రాయలసీమకు పుస్తకాల ప్రశ్న కాదు. మలాథియాన్ అనే పురుగుమందు తిలాపియా కణజాలాలలో ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను, అంటే నరాల సంకేతాలను సకాలంలో ఆపే ఎంజైమును, ఎంతమేరకు అణచివేస్తుందో పరీక్షించిన ఈ విశ్వవిద్యాలయపు అధ్యయనం 1980లో అంతర్జాతీయ పత్రికలో వెలువడింది. ఆ కోవకు చెందిన సిద్ధాంత గ్రంథాలు విభాగంలో ఎన్నో వచ్చాయి. ప్రభుత్వం వద్దన్న చేప ఆ ప్రభుత్వపు విశ్వవిద్యాలయంలోనే పట్టాలకు ఆధారం కావడంలో కొంత హాస్యం లేకపోలేదు.

ఇళ్లలోకి సిక్లిడ్‌లు వచ్చిన దారి వేరు. ఇనుప చట్రంలో గాజు పలకలను లప్పంతో బిగించిన పాత తొట్టెలు తుప్పుపట్టి కారేవి; 1960ల నుంచి సిలికాన్ జిగురు వ్యాప్తిలోకి రావడంతో చట్రం లేని పెద్ద తొట్టెలు సాధ్యమై, చవకబడి, మధ్యతరగతి ముందుగదికి చేరాయి. వాటిలో గోల్డ్‌ఫిష్ పక్కన మొదట చోటు పొందిన సిక్లిడ్‌లు ఆఫ్రికావి కావు. ఏంజెల్, ఆస్కార్ వంటి దక్షిణ అమెరికా జాతులు. 1990ల చివర మలేషియాలో అమెరికా సిక్లిడ్‌లను సంకరం చేసి పుట్టించిన, నుదుట పెద్ద బుడిపె గల ఫ్లవర్‌హార్న్ చేప వాస్తు పేరిట తెలుగు పట్టణాలలో అమ్ముడుపోయింది. ఏ వాస్తు గ్రంథమూ ఎరుగని చేపకు ఈశాన్య మూల కేటాయించడం వ్యాపారుల ప్రతిభకే చెల్లింది.

ఆఫ్రికా రంగుచేపల మూలస్థానం ఆ ఖండపు తూర్పు చీలిక లోయలోని మహాసరస్సులు, ముఖ్యంగా మలావీ, టాంగన్యీకా. ఒక్క మలావీ సరస్సులోనే వందల సంఖ్యలో సిక్లిడ్ జాతులున్నాయి. అవి దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా లేనివి. రాతిగుట్టల మధ్య నాచు గీరుకుని తినే చిన్నచేపలను అక్కడి జాలరులు ఎంబూనా అంటారు. న్యాసాలాండ్ 1964లో మలావీగా స్వతంత్రమైన ఆ దశాబ్దంలోనే ఎంబూనాలను పట్టి ఐరోపా, అమెరికాలకు విమానాల్లో పంపే వ్యాపారం వేళ్లూనుకుంది. ఆ తరువాతి కాలంలో మలావీలో స్టూవర్ట్ గ్రాంట్, టాంగన్యీకా ఒడ్డున బురుండీలో పియర్ బ్రిషార్ ఆ వ్యాపారానికి ప్రముఖులయ్యారు. ఆగ్నేయాసియా పెంపకందారులు వాటిని విస్తారంగా పునరుత్పత్తి చేయగా, వాటి సంతతి చెన్నైకి, ముఖ్యంగా ఆ నగరపు వాయవ్య శివారున రంగుచేపల పెంపకానికి ఆటపట్టయిన కొళత్తూరుకు చేరింది. అక్కడి నుంచి తిరుపతికి సుమారు 135 కిలోమీటర్లు. ఆక్సిజన్ నింపి ముడివేసిన పాలిథీన్ సంచులు థర్మోకోల్ పెట్టెలలో కొన్ని గంటల్లో వచ్చేస్తాయి. 1952లో తిలాపియాకు తోవ చూపిన మద్రాసే, పేరు మార్చుకుని, యెల్లో ల్యాబ్, పీకాక్, ఫ్రంటోసా అనే ఆ సరస్సుల రంగుచేపలకు కూడా ద్వారమైంది.

ఈ సీమ ఇళ్లలో ఇవి నిలదొక్కుకోవడానికి నీరు ముఖ్య కారణం. మలావీ సరస్సు నీరు క్షారగుణం కలది, దాని పీహెచ్ విలువ 7.8 నుంచి 8.6 వరకు ఉంటుంది. టాంగన్యీకాది ఇంకా ఎక్కువ. చిత్తూరు గట్టిరాతి నేలలో లోతుగా వేసిన బోర్ల నుంచి వచ్చే నీరు ఎక్కువచోట్ల కఠినజలం, అంటే సున్నం, మెగ్నీషియం లవణాలు అధికంగా కరిగి, పప్పు సరిగా ఉడకనీయక, కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టించే నీరు. మెత్తని ఆమ్లజలంలో పుట్టిన డిస్కస్ వంటి అమెరికా చేపకు ఈ నీరు శత్రువు కాగా, ఎంబూనాకు పుట్టింటి నీటిలాంటిది. కల్యాణి జలాశయం నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే కుళాయి నీటి కంటే, గృహిణి విసుక్కునే బోరునీరే వీటికి మేలు. పాశ్చాత్య దేశాల పెంపకందారులు లవణాలు కొని కలుపుకునే చోట ఇక్కడివారు క్లోరిన్ లేని బోరునీటిని నేరుగా పట్టుకోగలుగుతున్నారు. ఇక్కడి ఇబ్బంది వేడిమి: 26 డిగ్రీల దగ్గర సుఖపడే చేపకు, బయట 43 డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో తొట్టె నీరు వేడెక్కి అందులో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోతుంది; అదే సమయానికి కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే గంటల్లో తొట్టె ఖాళీ అవుతుంది. మదనపల్లె వైపు ఈ బాధ తక్కువ, చలికాలంలో హీటరు మాత్రం కావాలి.

పెంపకంలో తిలాపియా ధర్మమే మళ్లీ కనిపిస్తుంది. మగ ఎంబూనా పొట్ట కింద, తోకకు చేరువగా ఉన్న రెక్క మీద గుడ్లను పోలిన పసుపు చుక్కలుంటాయి. గుడ్లను నోట్లోకి తీసుకున్న ఆడచేప ఆ చుక్కలను కూడా గుడ్లనుకుని అందుకోబోయి మగచేప బీజాన్ని గ్రహిస్తుందని, గుడ్లు నోట్లోనే ఫలదీకరణం చెందుతాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో ప్రతిపాదించాడు. ఆ తరువాత మూడు వారాలు తల్లి మేత ముట్టదు. గవద ఉబ్బి, నోరు బిగించి, మూలన నిలబడుతుంది. పెంపకందారులు దీన్ని హోల్డింగ్ అంటారు. గడువు సమీపించాక తల్లిని చేతిలోకి తీసుకుని మెల్లగా దవడ తెరిచి పిల్లలను వేరే తొట్టెలో వదిలించడాన్ని స్ట్రిప్పింగ్ అంటారు. తిలాపియాలా వందలు కాక పది నుంచి నలభై వరకే పిల్లలుంటాయి గానీ, అవి సంపూర్ణంగా ఎదిగి బయటికి వస్తాయి కాబట్టి, ప్రత్యేక మేతలూ పరికరాలూ లేని కొత్త పెంపకందారు సైతం వాటిని బతికించగలడు. ఈ చేపలు పోట్లాటకు ప్రసిద్ధి. ఒక్క చేప మీదే దాడి కేంద్రీకృతం కాకుండా తొట్టెను కావాలనే కిక్కిరిసేటట్టు నింపడం వాడుకలో ఉన్న ఉపాయం.

ఆ ఉపాయంలోనే చిక్కు ఉంది. మలావీ సరస్సులో ఒక గుట్ట నుంచి మరో గుట్టకు రంగు మారుతుంది కాబట్టి పాశ్చాత్య పెంపకందారులు చేప పేరుతో పాటు పట్టిన రేవు పేరు కూడా రాసిపెట్టుకుంటారు. యెల్లో ల్యాబ్ పసుపు రంగు లయన్స్ కోవ్ అనే చోటి పరిసరాలకు చెందినది. కొళత్తూరు సంచి తిరుపతి దుకాణంలో విప్పే సరికి రేవు పేరు పోతుంది, పలుమార్లు జాతి పేరు కూడా పోయి మిక్స్‌డ్ ఆఫ్రికన్ అన్న ఒక్క మాట మిగులుతుంది. కిక్కిరిసిన తొట్టెలో జాతులు కలిసిపోయి పుట్టిన సంకరాలు బూడిద రంగు తిరిగి, తాతల వన్నె కోల్పోతాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన పెరటి రంగుచేపల యూనిట్లకు రాయితీ ఇస్తున్నా, జాతి శుద్ధిని నమోదు చేసే ఏర్పాటు లేనంతకాలం పెరిగేది చేపల సంఖ్యే. మొజాంబిక్ తిలాపియా స్వదేశంలో సంకరమే అంతకంటే పెద్ద నష్టం చేసింది: పెంపకం కోసం తెచ్చిన నైలు తిలాపియాతో కలిసి దాని అసలు జాతి పలచబడడంతో, దేశదేశాల్లో దురాక్రమణ జీవిగా పేరుపడిన ఆ చేపను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పున్న జాతుల పట్టికలో చేర్చింది. ఆ నైలు తిలాపియాలోనే ఎంపిక పద్ధతిలో వృద్ధిచేసిన గిఫ్ట్ అనే రకాన్ని ఇప్పుడు ప్రభుత్వ అనుమతితో విజయవాడ చేరువనున్న మణికొండలో రాజీవ్ గాంధీ జలచర సాగు కేంద్రం పెంచుతోంది. నిషేధపు పాఠం అక్కడ పనికొచ్చింది: లైసెన్సు పొందిన రైతులకు ప్రధానంగా మగ చేపపిల్లలను సాగుకు ఇచ్చే పద్ధతి, 1950లలో చెరువులను నింపేసిన ఆ నోటి పొదుగుడును ఆపడానికే.