కాలాపానీ కింద జల్‌జలా

నిర్మల్‌లో బుజుర్గుల దగ్గర కూర్చుంటే 'వెయ్యి ఉరుల మర్రి' ముచ్చట రాకుండా ఉండదు. రాంజీ గోండు వెంట గోండులూ రోహిల్లాలూ భుజం కలిపి ఫిరంగీల మీద లడాయి చేశారు. 1860లో రాంజీనీ, ఆయన సాథీలనూ మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యిమంది అని జనం యాది. ఆ షహీదులను ఊరు మరిచిపోలేదు.

ఆ జమానాలో ఉరి తప్పినవాళ్లకు ఇంకో సజా ఉండేది. అదే కాలాపానీ. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ బస్తీ మొదలైంది. మన హైదరాబాద్‌లో 1857 జూలై 17న కోఠీ రెసిడెన్సీ మీద హమ్లా నడిపినవాళ్లు ఇద్దరు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. ఆయన సెల్యులార్ జైల్లో ఉన్నారని చాలామంది రాస్తారు. గలత్. ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో. అప్పటికే మౌల్వీ సాబ్ ఆ దీవుల మట్టిలో కలిసిపోయారు.

ఆ మట్టికి కుదురు లేదు. దీవులకు పడమర, సమందర్ అడుగున, మన దేశాన్ని మోస్తున్న భూఫలకం తూర్పున ఉన్న బర్మా ఫలకం కిందికి మెల్లగా దూరుతూ ఉంటుంది. ఏడాదికి సెంటీమీటర్లలోనే ఆ నడక. రెండూ ఒకదానికొకటి పట్టుకుపోయిన చోట జోర్ పేరుకుంటుంది. పట్టు తప్పిన రోజు జల్‌జలా వస్తుంది.

1881 డిసెంబరు 31 పొద్దున అట్లాగే పట్టు తప్పింది. కార్ నికోబార్ దగ్గర పుట్టిన ఆ భూకంపం తీవ్రత 7.9 దాకా ఉంటుందని తర్వాతి వాళ్ల లెక్క. మౌల్వీ సాబ్ అప్పటికి ఇంకా దీవుల్లోనే ఖైదీ. సునామీ అలలు మీటరుకు లోపే లేచాయి. కానీ బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల్లో నీటిమట్టం కొలిచే యంత్రాలు వాటిని కాగితం మీద గీసి పెట్టాయి. 1941 జూన్ 26న మళ్లీ భారీ భూకంపం. ఈసారి సెల్యులార్ జైలుకూ దెబ్బ తగిలింది.

అంటే తారీఖు రెండుసార్లు ఖబర్ ఇచ్చింది. రికార్డు దఫ్తర్లలో భద్రంగా ఉంది. మనుషుల యాదిలో లేదు.

2004 డిసెంబరు 26, ఉదయం 6 గంటల 28 నిమిషాలు. సుమత్రా దగ్గర మొదలైన చీలిక అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్లు పరుగెత్తింది. తీవ్రత 9.1. అల మన తూర్పు తీరానికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో తీరంలోని జాలర్లకు ఒక్క మాట చెప్పే ఇంతెజాం లేదు. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. హిందూ మహాసముద్రం చుట్టూ రెండు లక్షలకు పైగా జానాలు పోయాయి. లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు మాత్రం సముద్రం వెనక్కి పోవడం చూసి ఎత్తైన చోటికి వెళ్లి బతికారు. చదువురాని వాళ్లని మనం అనుకునే ఆ కబీలా తన బుజుర్గుల మాట మరువలేదు.

నెల తిరిగేసరికి ఇంకో వింత. మామూలుగా ఒక పెద్ద భూకంపం, దాని వెనక చిన్న ప్రకంపనలు వస్తాయి. కొన్నిసార్లు అట్లా కాదు. ఒకే చోట, దాదాపు ఒకే బలంతో, వరసగా వస్తూనే ఉంటాయి. ఆ గుంపుకు సర్దార్ ఉండడు. 2005 జనవరి చివరి వారంలో నికోబార్ దీవులకు తూర్పున, అండమాన్ సముద్రంలో నాలుగైదు రోజుల్లోనే 5, అంతకు మించిన తీవ్రతతో 150 దాకా భూకంపాలు వచ్చాయి. అప్పటిదాకా ప్రపంచంలో నమోదైన గుంపుల్లో అంత జోరైనది లేదన్నారు శాస్త్రవేత్తలు. డిసెంబరు నాటి మహా చీలిక చుట్టుపక్కల రాతి పొరల మీది వత్తిడిని మార్చేసింది. ఫలకాలు కలిసే గీతకు వెనకున్న బలహీనమైన పగుళ్లు ఒకటొకటిగా కదిలాయి. అదే ఏడాది బ్యారెన్ దీవి అగ్నిపర్వతం కూడా మళ్లీ మేల్కొంది.

ఇప్పుడు కథ హైదరాబాద్‌కే తిరిగొస్తుంది. 2007 అక్టోబరులో మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది ఈ షహర్‌లోనే, ఇన్‌కాయిస్‌లో. అండమాన్ సముద్రం అడుగు కదిలితే నిమిషాల్లో ఇక్కడ తెలుస్తుంది, ఇక్కణ్నుంచే తీరాలకు ఖబర్ పోతుంది. ఒకప్పుడు ఇదే షహర్ నుంచి ఒక మౌల్వీని ఆ దీవులకు తోలేశారు. ఆయన వతన్‌కు తిరిగి రాలేదు.

యంత్రాలు మనకు నిమిషాలు ఇస్తాయి. ఆ నిమిషాల్లో ఏం చేయాలో మనిషికి యాదికి ఉండాలి. నిర్మల్ తన మర్రిచెట్టును పిల్లలకు చెప్పుకున్నట్టే, సమందర్ ఒడ్డు ఊళ్లు 1881నూ 2004నూ తమ పిల్లలకు చెప్పుకోవాలి. ఓంగీలను కాపాడింది అట్లా చెప్పుకున్న ముచ్చటే.