పొడుగు ఖద్‌కి ఏ దావ్ సరిపోతుంది?

మా వంటగది చౌకట్ మీద పెన్సిల్ గీతలున్నాయి. పిల్లలు పెరుగుతున్న కొద్దీ ఏడాదికొకటి గీస్తూ వచ్చాం. మా పెద్దమ్మాయి గీత వాళ్ళ అమ్మీ తల దాటింది, నన్నూ దాటింది, మొన్నటి రంజాన్‌కి ఐదడుగుల పది అంగుళాల దగ్గర ఆగింది. వయసు పదహారు. ఈద్ నాడు షీర్ ఖుర్మా తాగుతూ మా ఫుప్పు అననే అనింది: "ఇత్తీ లంబీ బచ్చీకు లడ్కా కాం సే లాతే మియా?" ఇంత పొడుగు పిల్లకి పెళ్ళికొడుకుని ఎక్కణ్ణుంచి తెస్తావని. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పిల్ల కటోరా పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి భుజాలు ముందుకి వంచి, దుపట్టా కింద ముడుచుకుని నడవడం మొదలుపెట్టింది.

నెల తర్వాత తనే వచ్చింది. "అబ్బా, నేను ఫైటింగ్ నేర్చుకుంట. నా హైట్‌కి ఏది మంచిదో మీరు చూసి చెప్పండి. పేపరోళ్ళు కదా." నవ్వినందుకు కఫ్ఫారా అనుకుని తవారీఖ్ తిరగేయడం మొదలుపెట్టాను. అందులో దొరికిందే ఈ మజ్మూన్.

ముందు పాతబస్తీలో నా చిన్నప్పటి తాలీంకి వెళ్ళాను. అఖాడా మట్టి ఇప్పుడూ అలాగే ఉంది. ఉస్తాద్ సాబ్‌కి డెబ్భై దాటాయి. విషయం విని చేయి అడ్డంగా ఊపారు. "లంబా ఆద్మీ తాడ్ కా ఝాడ్ హై మియా." తాటిచెట్టు లాంటోడు, మొదలు పట్టుకుంటే పడిపోతాడని. ఆయన చెప్పిన దాంట్లో లెక్క ఉంది. కుష్తీ అంతా కిందికి దిగే ఫన్. ఎవరి నడుము ఎవరి నడుము కన్నా కిందుంటే వాడిదే జోరు. కాలాజంగ్‌లో పహిల్వాన్ ఎదుటివాడి కిందికి దూరి, భుజాల మీదికెత్తి పడేస్తాడు. ధోబీ పాట్‌లో చెయ్యి లాగి, వీపు మీదుగా గుడ్డ ఉతికినట్టు కొడతాడు. రెండింట్లోనూ పొట్టివాడికి కిందికి దిగే మషక్కత్ తక్కువ. పైగా వేల దండ్‌లు, బైఠక్‌లు. కాళ్ళూ చేతులూ పొడుగైన కొద్దీ ప్రతి దండ్‌లో ఒంటిని ఎక్కువ దూరం కిందికి దించాలి, అంతే దూరం లేపాలి.

గామా పహిల్వాన్‌నే చూడండి. 1878లో పుట్టిన గులాం ముహమ్మద్, ఖద్ ఐదడుగుల ఎనిమిది అంగుళాలకి అటూ ఇటూ. 1910లో లండన్ వెళ్ళి జబిస్కోని రెండు గంటలకు పైగా మట్టి కరిపించి ఉంచాడు. కుష్తీ బరాబర్‌గా ముగిసింది. 1928లో పటియాలాలో అదే జబిస్కోని నిమిషం లోపే చిత్ చేశాడు. ఇక్కడిదాకా ఉస్తాద్ సాబ్ మాటే నిజం.

మరి రహీం బఖ్ష్ సుల్తానీవాలా? గుజ్రాన్‌వాలా పహిల్వాన్. దాదాపు ఏడడుగుల మనిషని చెప్పుకుంటారు. గామా కన్నా వయసులో పెద్దవాడు. ఆ ఖద్‌తో, ఆ వయసులో కూడా గామాతో తొలి కుష్తీల్లో ఓడలేదు, బరాబర్ చేసుకున్నాడు. గామా ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చాక అలహాబాద్‌లో జరిగిన దంగల్‌లోనే చివరికి ఓడాడు. రుస్తమ్-ఎ-హింద్ పేరు గామాకి ఆ కుష్తీతో ఖాయమైంది. తనని అందరికన్నా ఎక్కువ సతాయించిన జోడీ రహీం బఖ్ష్ అని గామా తర్వాత చెప్పుకున్నాడంటారు. ఈ మాట చెబితే ఉస్తాద్ సాబ్ కాసేపు మీసం దువ్వుకుని, "వో అలగ్ బాత్ హై" అన్నారు.

ఈ "అలగ్ బాత్" జపాన్‌లోనూ జరిగింది, అదీ దునియా అంతా చూస్తుండగా. జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో బాగా పొట్టి మనిషి. 1882లో కొడోకాన్ పెట్టాడు. ఎదుటివాడి తాఖత్‌ని వాడి మీదికే తిప్పడం ఆ ఫన్‌కి అసలు. కాబట్టి పెద్ద జిస్మ్‌ది ఏమీ నడవదని జపాన్ వాళ్ళకి గట్టి యఖీన్. 1961లో పారిస్‌లో ఆంటన్ హేసింక్ అనే డచ్చివాడు వరల్డ్ చాంపియన్ కోజీ సోనేని ఓడించాడు. ఖద్ 198 సెంటీమీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. ఏదో ఇత్తెఫాక్ అనుకున్నారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి చేరింది. బుడోకాన్ హాల్లో, బరువు లెక్కలేని ఓపెన్ కేటగిరీ ఫైనల్లో హేసింక్ ఎదుట అకియో కామినాగా. హేసింక్ అతణ్ణి నేల మీద అదిమి పట్టాడు, ముప్ఫై సెకన్లు వదల్లేదు. హాలంతా ఖామోష్. డచ్చి వాళ్ళు సంబరంతో మ్యాట్ మీదికి ఉరకబోతే హేసింక్ చెయ్యెత్తి ఆపేశాడు. ముందు ఎదుటివాడికి సలాం. ఆ అదబ్ చూసి జపాన్ వాళ్ళు అతణ్ణి తమవాడిగా చేసుకున్నారు.

నా నజర్‌లో హేసింక్ ఖద్ వల్ల గెలవలేదు, ఖద్ ఉన్నా గెలవలేదు. జపాన్ వెళ్ళి వాళ్ళ దగ్గరే నేర్చుకుని, ఆ పొడుగు కాళ్ళకి పనికొచ్చే దావ్‌లు ఏరుకున్నాడు. జూడోలో ఎదుటివాడి తొడల మధ్యకి కాలేసి ఊడ్చే పట్టుంది, వెనక నుంచి పిక్కని కోసే పట్టుంది. ఇవి పొడుగు కాళ్ళకి వరం. చెయ్యి లాగి వీపు మీదెత్తుకునే దావ్ పొట్టివాళ్ళది. పొడుగువాడు దానికోసం మోకాళ్ళు వంచుకుని కూర్చునే లోపు తనే పడతాడు. ఒకే ఫన్‌లో రెండు ఫన్‌లు దాగున్నాయన్న మాట.

బాక్సింగ్ సంగతికొస్తే మనందరికీ ముహమ్మద్ అలీయే గుర్తొస్తాడు. ఆరడుగుల మూడంగుళాలు. రెండు చేతులూ చాపితే 78 అంగుళాలు. గుద్దు వస్తుంటే తల కిందికి వంచాలని కోచ్‌లందరూ నేర్పుతారు. అలీ వంచేవాడు కాదు, తల వెనక్కి లాగేవాడు. పండితులు తప్పన్నారు. కానీ అంత ఎత్తున్న తలని అంత చురుగ్గా వెనక్కి లాగితే అందుకునేదెవరు? 1964 ఫిబ్రవరిలో మయామీలో సానీ లిస్టన్‌ని ఓడించినప్పుడు అందరూ మరిచిపోయేది ఒకటుంది. లిస్టన్ అలీ కన్నా పొట్టి, అయినా చేతుల చాపు 84 అంగుళాలు. ఖద్, చేతుల పొడుగు ఒకటి కావు. ఇది చదివిన రాత్రే గోడకి పిల్లని నిలబెట్టి చేతులు చాపించి టేపుతో కొలిచాను. ఆరడుగులు వచ్చింది. "రెండంగుళాలు ఫ్రీ, అబ్బా" అని చాలా రోజుల తర్వాత నవ్వింది.

అదే అలీ 1976 జూన్‌లో అదే బుడోకాన్‌లో జపాన్ పహిల్వాన్ ఇనోకీతో తలపడ్డాడు. ఇనోకీ పదిహేను రౌండ్లలో చాలాభాగం వెల్లకిలా పడుకుని అలీ కాళ్ళ మీద తన్నుతూనే ఉన్నాడు. అలీ గుద్దులు కిందికి దిగలేదు. మ్యాచ్ బరాబర్, జనం తిట్టుకున్నారు, అలీ కాళ్ళు వాచిపోయి దవాఖానాలో చేరాడు. తమాషా అని కొట్టిపారేస్తారు గానీ పొడుగు మనిషి తల్లిదండ్రులు ఆ వీడియో ఒకసారి చూడాలి. తాటిచెట్టు మొదలు ఎక్కడుందో అందులో కనిపిస్తుంది.

బ్రూస్ లీ షాగిర్దుల్లో కరీం అబ్దుల్ జబ్బార్ ఉన్నాడని మా పిల్లకి తెలియదు. బాస్కెట్‌బాల్ మహారథి, ఇస్లాం ఖబూల్ చేసినవాడు, ఏడడుగుల రెండంగుళాలు. 1972లో సినిమా కోసం తీసిన ఆ ఇద్దరి లడాయి చూపించాను. ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల ఉస్తాద్ ఛాతీ మీద షాగిర్ద్ బూటు ముద్ర పడుతుంది. దగ్గరికి రానివ్వని కాలు. పిల్ల కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

కాళ్ళ ఫన్ అంటే టైక్వాండో. కొరియాది, 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో మెడల్ ఆట. ఇందులో జోడీలు కట్టేది బరువుని బట్టి, ఖద్‌ని బట్టి కాదు. కాబట్టి సన్నగా పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఒక ఫాయిదా ఉంది. అదే బరువున్న పొట్టి పిల్ల తలని వాళ్ళ కాలు సులువుగా అందుకుంటుంది. తలకి తగిలితే పాయింట్లూ ఎక్కువే. ముందు కాలు గాల్లో ఎత్తి పట్టుకుంటే ఎదుటివాళ్ళు లోపలికి రాలేరు. 2016 రియోలో 57 కిలోల విభాగంలో ఇరాన్ అమ్మాయి కిమియా అలీజాదే కాంస్యం గెలిచింది. వయసు పద్ధెనిమిది, ఖద్ దాదాపు 185 సెంటీమీటర్లు. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి ఇరాన్ స్త్రీ ఆమే. అదే విభాగంలో రెండో కాంస్యం ఈజిప్ట్ అమ్మాయి హిదాయా మలాక్‌ది. ఇద్దరూ తల కప్పుకునే ఆడారు. 2007లో కెనడాలో మాంట్రియాల్ దగ్గర హిజాబ్ వల్ల ముస్లిం పిల్లల్ని ఒక టోర్నీలో ఆడనివ్వలేదు. తర్వాత నియమం మారింది కాబట్టే రియోలో ఆ ఫొటో సాధ్యమైంది.

కథ అక్కడితో ఆపేస్తే నాకు సులువు. కానీ పిల్ల ఫోన్‌లో మిగతాదీ చదివేసింది. కిమియా 2020లో ఇరాన్ వదిలేసింది. తమ మీద హిజాబ్ రుద్దారని, తమ గెలుపుని హుకూమత్ వాడుకుందని రాసింది. టోక్యోలో శరణార్థుల టీంలో, 2024 పారిస్‌లో బల్గేరియా తరఫున ఆడి మళ్ళీ కాంస్యం తెచ్చుకుంది. హిదాయా టోక్యోలో ఇంకో కాంస్యం గెలిచింది, హిజాబ్‌తోనే. "ఎవరు కరెక్ట్ అబ్బా?" అని అడిగింది. ఒకరు వద్దనుకున్నారు, ఒకరు కావాలనుకున్నారు, ఇద్దరి కాళ్ళూ వాళ్ళవే అన్నాను. వాళ్ళ అమ్మీ నా వైపు ఒక చూపు చూసింది గానీ ఏమీ అనలేదు.

క్లాసులో చేర్చిన మూడో వారం కోచ్ పిలిచి, పిల్ల బరువు 62 అని, 55కి దిగితే ఆ ఖద్‌తో రాష్ట్రంలో ఎవరూ ఆగరని చెప్పారు. లెక్క తప్పు కాదు, ఆ ఫాయిదా నేనే పైన రాశాను. కానీ ఇంకా ఎదుగుతున్న పదహారేళ్ళ పిల్ల ఏడు కిలోలు ఎక్కడినుంచి తీసిస్తుంది? ఎముకల్లోంచా? అప్పటికే రెండు రోజులు రాత్రి రొట్టె మానేసింది, మాకు చెప్పకుండా. పొడుగు పిల్లలకి ఈ ఆటలో ఉన్న అసలు ఖత్రా ఎదుటివాళ్ళ కాలు కాదు, తూకం మిషన్. అమ్మాయిని కూర్చోబెట్టి, 63 కిలోల్లోనే ఆడతావు, ఓడినా అక్కడే అని చెప్పాం. కోచ్ మొహం చిన్నబుచ్చుకున్నారు. క్లాసు మార్చాం.

కొత్త చోట వాళ్ళిచ్చిన డ్రెస్ పాంట్ పిక్కల దగ్గరే ఆగిపోయింది. మా గల్లీ దర్జీ ఖాదర్ భాయ్ నాలుగంగుళాల తెల్లగుడ్డ అతికించి, ఇంకో రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాడు. "బచ్చీ ఔర్ బఢ్తీ సాబ్" అన్నాడు. మొన్న ఫుప్పు వచ్చినప్పుడు పిల్ల ఆ డ్రెస్‌లోనే తలుపు తీసింది, భుజాలు వెనక్కి పెట్టుకుని.