ఐవీ తీగ, స్కైలాబ్, మన చంద్రపూర్ గాలి

ఈ ఉగాదికి ఇంటింటికీ ఒక ఐవీ కుండీ పంచుదామని, దాంతో ఇంట్లో గాలి శుభ్రమవుతుందని ఒక ప్రతిపాదన వచ్చింది. దాని కథ కొంచెం చెప్పుకుందాం.

1973లో అమెరికా వాళ్ల స్కైలాబ్ లోపలి గాలిలో వందకు పైగా రసాయనాల ఆవిర్లు బయటపడ్డాయి. కిటికీ తెరిచే వీలులేని ఇల్లది. అక్కడ మొదలైన ఆలోచనే నాసా శాస్త్రవేత్త వుల్వర్టన్‌ను మొక్కల వైపు నడిపింది. 1989 నాటి ఆయన నివేదికలో గాలి చొరబడని పెట్టెలో మొక్క పెట్టి, బెంజీన్ వదిలి, 24 గంటల తర్వాత కొలిచారు. ఐవీ ఉన్న పెట్టెలో దాదాపు 90 శాతం తగ్గింది. మన మనీ ప్లాంటూ ఆ జాబితాలో ఉంది.

లెక్క అబద్ధం కాదు. కానీ మన ఇల్లు పెట్టె కాదు కదా! తలుపు సందుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు పాత ప్రయోగాలు 196 తిరగేసి, ఆ వేగాన్ని మొక్కలు అందుకోవాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలని తేల్చారు. అంటే పదడుగుల చదరపు గదికి తక్కువలో తక్కువ తొంభై కుండీలు. మంచం ఎక్కడ వేసుకోవాలి?

పైగా ఆ ప్రయోగాలు ఆవిర్ల మీద. మన బాధ బొగ్గు దుమ్ము, బూడిద. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే చంద్రపూర్‌కు 83.88 వచ్చి, దేశంలో నాలుగో స్థానంలో నిలిచాం. మార్కులు ఎక్కువ వచ్చాయని ఏడవాల్సిన పరీక్ష అది! 2010 జనవరిలో అలాంటి ప్రాంతాల్లో కొత్త పరిశ్రమల అనుమతులను కేంద్రం కొంతకాలం ఆపింది. ఇంత గాలికి కుండీలో తీగ ఏం జవాబు చెబుతుంది?

ఐవీ చలిదేశాల తీగ, మన మే నెల ఎండకు నిలవడం కష్టం. ఆకు నోట్లో పెట్టుకుంటే పసిపిల్లలకు మంచిది కాదు. అందానికి పెంచుకునేవాళ్లను మేము వద్దనం.

గనుల్లో పనిచేసి రిటైరైన పెద్దలు, ఉబ్బసంతో రాత్రిళ్లు కూర్చునే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. కుండీల డబ్బుతో వాళ్లకు ఊపిరితిత్తుల పరీక్షలు చేయిద్దామని మా మాట. వచ్చే సమావేశంలో దీన్ని అజెండాలో పెట్టమని కోరుతున్నాం.