గోడలో గులాబి దూది

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు చూడని వస్తువుండదు. గ్రానైట్ కౌంటరు చూస్తాం, స్కూలు రేటింగు చూస్తాం, తూర్పు ముఖమా కాదా అని కంపాసు పెట్టి మరీ చూస్తాం. గోడలో ఏముందని మాత్రం ఎవరం అడగం. వేలితో కొడితే డొల్లగా మోగే ఆ గోడే డల్లాస్ జూలైకీ, షికాగో జనవరికీ, మన ఇంట్లో నిద్రపోతున్న పసిపిల్లలకీ మధ్య ఉన్న అడ్డు.

ఆ డొల్లలో సాధారణంగా ఉండేది గాజుపీచుతో చేసిన దూదిపరుపు. వాడుకలో 'బ్యాట్' అంటారు. ఎవరైనా కొనుక్కొచ్చి తమ చేత్తో పెట్టుకోగలిగేలా తయారైన వస్తువు ఇది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ బ్యాట్ చరిత్రంతా ఒక అంకె చరిత్ర. సంచీ మీద అచ్చేసిన ఆ అంకెని జనం నమ్మడం నేర్చుకున్నారు. ఆ అంకె నిజమయ్యేది మాత్రం పెట్టే చేతిని బట్టి. ఈ రెండో సంగతి చాలామంది మర్చిపోయారు.

ముందు గోడ సంగతి చూద్దాం. మన ఊళ్ళో గోడంటే బరువు. మట్టిగోడైనా ఇటుక గోడైనా మందమే దాని బలం. పగలంతా ఎండని మింగి, రాత్రికి మెల్లగా వదుల్తుంది. (వేసవి రాత్రుళ్ళు మనం డాబా మీద ఎందుకు పడుకునేవాళ్ళమో గుర్తుందిగా!) అమెరికా గోడ వేరే జాతి. 1830లలో షికాగో ప్రాంతంలో 'బెలూన్ ఫ్రేమ్' అనే పద్ధతి వచ్చింది. లావుపాటి దూలాలు, వాటిని అతికే నేర్పున్న వడ్రంగులు అక్కర్లేకుండా, సన్నటి చెక్కల్ని మిషను మేకులతో కొట్టి ఇల్లు నిలబెట్టేయడం అన్నమాట. పడమటికి పరిగెడుతున్న దేశానికి ఇంత చవకైన, వేగమైన పద్ధతి ఇంకోటి దొరకలేదు. అదే రూపం మారుతూ మారుతూ మన సబ్‌డివిజన్‌ల దాకా వచ్చింది: టూ బై ఫోర్ స్టడ్‌లు, మధ్య నుంచి మధ్యకి 16 అంగుళాలు, వాటి మధ్య పద్నాలుగున్నర అంగుళాల ఖాళీ.

చిక్కంతా ఆ ఖాళీతోనే. ఖాళీ గోడలో గాలి ఊరుకోదు. వెచ్చటి వైపు పైకి లేస్తుంది, చల్లటి వైపు కిందకి దిగుతుంది, అలా తిరుగుతూ ఇంట్లో వేడిని మోసుకెళ్ళి బయటికి అప్పజెబుతుంది. ఆ గాలి కదలకుండా ఏదో ఒకటి కూరాలి. పాతకాలపు వాళ్ళు రంపపు పొట్టు, కాగితాలు, దొరికిందల్లా కూరారు. 1890లలో బోస్టన్‌కి చెందిన శామ్యూల్ కాబట్ ఎండిన సముద్రపు గడ్డిని రెండు కాగితాల మధ్య పరిచి, బొంతలాగా కుట్టి అమ్మాడు. పేరు 'కాబట్స్ క్విల్ట్'. ఇప్పటి బ్యాట్‌కి పెదనాన్న వరస. అదే కాలంలో కొలిమిలో మిగిలిన చిట్టెం నుంచి, రాయి నుంచి తీసిన ఖనిజపు ఉన్ని కూడా వాడకంలోకొచ్చింది.

గాజుని దారంగా తియ్యొచ్చని అప్పటికే తెలుసు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఎడ్వర్డ్ లిబీ అనే గాజు వ్యాపారి, పట్టుతో కలిపి నేసిన గాజు గౌను ప్రదర్శించి జనాన్ని నోరెళ్ళబెట్టించాడు. చూడ్డానికి అద్భుతమే గానీ కట్టుకోడానికి పనికిరాదు. పైగా చవగ్గా, టన్నులకొద్దీ పీచు తీసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. అది 1932లో అనుకోకుండా దొరికింది. ఒహాయోలో ఓవెన్స్-ఇలినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే కుర్రాడు గాజు దిమ్మెలు రెండిటిని కరిగిన గాజుతో అతికించాలని ప్రయత్నిస్తుంటే, గాలి వేగానికి ఆ గాజు అతుక్కోవడం మానేసి సన్నటి పీచుగా చెదిరిపోయింది. అతని పైవాడు గేమ్స్ స్లేటర్ అప్పటికే గాజుపీచు తీసే మార్గం వెతుకుతున్నాడు. ఇంకొకడైతే "పాడైపోయింది, ఊడ్చెయ్" అనేవాడేమో. స్లేటర్ పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. 1938లో ఓవెన్స్-ఇలినాయ్, కార్నింగ్ కలిసి ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ కంపెనీ మొదలెట్టాయి.

ఇక్కడో మాట. వేడిని ఆపేది గాజు కాదు. గట్టి గాజులోంచి వేడి హాయిగా పోతుంది. ఆపేది ఆ పీచు మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. బ్యాట్‌ని అదిమి పెడితే గాలి పోయి గాజు మిగుల్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చేత్తో చేసే పని సగం తెలిసినట్టే.

సరే, బ్యాట్ ఆకారం చూడండి. గోడ ఖాళీ వెడల్పు పద్నాలుగున్నర, బ్యాట్ వెడల్పు 15 అంగుళాలు. ఆ అరంగుళం కావాలని పెట్టిందే. మేకూ జిగురూ లేకుండా రెండు స్టడ్‌ల మధ్య తనంతట తాను బిగిసి నిలబడుతుంది. మన భాషలో చెప్పాలంటే దేశమంతా ఒకే ఇంటర్‌ఫేసుతో గోడలు కట్టి పెట్టుకుంది, బ్యాట్ దానికి సరిపడా రాసిన ప్లగిన్. అందుకే యుద్ధం తర్వాత ఇళ్ళు వేలల్లో లేస్తున్నప్పుడు అది అంత తేలిగ్గా వ్యాపించింది. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో చిన్న ఇళ్ళ అటకలు పూర్తిచేయకుండానే అమ్మేవాళ్ళు, కొన్నవాళ్ళు తీరికగా గదులు కట్టుకునేవాళ్ళు. 1954 ఆగస్టులో 'టైమ్' పత్రిక 'డూ ఇట్ యువర్‌సెల్ఫ్' మీద ముఖచిత్రమే వేసింది. చాకూ, కొలతటేపూ, స్టేప్లరూ ఉంటే చాలు, ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా చేసుకోగల పనుల జాబితాలో ఇన్సులేషన్ కూడా చేరిపోయింది. 1956లో ఓవెన్స్-కార్నింగ్ తన సరుకు వేరుగా కనబడాలని గులాబి రంగు కలిపింది. ఆ రంగు వేడిని ఒక్క పిసరు కూడా ఆపదు. అయినా 1985లో కోర్టు ఆ గులాబి రంగుని ట్రేడ్‌మార్కుగా ఒప్పుకుంది! ఒకే ఒక్క రంగుకి ఇలాంటి హక్కు రావడం అమెరికాలో అదే మొదలు.

అంతా బాగానే ఉంది గానీ 1930లలోనే ఒక గొడవ మొదలైంది. ఇన్సులేషన్ పెట్టిన ఇళ్ళకి బయట పెయింటు పొట్టులా లేచిపోతోంది. పెయింటర్లు "ఆ దూది పెట్టిన ఇళ్ళకి మేం రంగెయ్యం" అన్నారు. ఇన్సులేషన్ వాళ్ళు తప్పు మాది కాదన్నారు. అసలు సంగతేమిటంటే, వేడి లోపలే ఆగిపోవడంతో గోడ బయటి చెక్క మునుపటికన్నా చల్లబడింది. వంటగది ఆవిరి అక్కడిదాకా వెళ్ళి నీరవుతోంది. మిన్నెసోటా యూనివర్సిటీలో ఫ్రాంక్ రౌలీ దీని మీద ప్రయోగాలు చేశాడు. టైలర్ రోజర్స్ 1938లో 'ఆర్కిటెక్చరల్ రికార్డ్'లో దీని గురించి రాశాడు. గోడకి లోపలివైపు ఆవిరిని అడ్డుకునే పొర ఉండాలన్న సూత్రం అలా స్థిరపడింది. 1942 నాటికి ఇళ్ళ అప్పులకి హామీ ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనల్లోకి ఎక్కింది. బ్యాట్‌కి అతికించిన గోధుమరంగు తారుకాగితం చేసే పని అదే. "కాగితం శీతాకాలంలో వెచ్చగా ఉండే వైపు", అంటే ఇంటి లోపలివైపు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ సూత్రం పుట్టింది మిన్నెసోటా చలిలో. మనవాళ్ళు గుంపులుగా ఇళ్ళు కొన్నది డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటాల్లో కూడా. అక్కడ వేసవిలో తేమ బయటనుంచి, ఏసీతో చల్లబడిన గది వైపు వస్తుంది. వరస తిరగబడిందన్నమాట. అలాంటి చోట లోపలివైపు ప్లాస్టిక్ షీటు బిగిస్తే తేమ దాని వెనకే చిక్కుకుని బూజు పడుతుంది. అందుకే ఇళ్ళ కోడు షికాగో, మినియాపొలిస్ లాంటి చలి ప్రాంతాల్లో లోపలి పొర తప్పనిసరి అంటుంది. టెక్సాస్‌లో అడగదు. సియాటిల్ స్నేహితుడు చెప్పాడని ఆస్టిన్ గ్యారేజీలో ప్లాస్టిక్ కొట్టేముందు ఒక్కసారి మీ ఊరి కోడు చూసుకోండి. సొల్యూషన్ కాపీ కొట్టేముందు ఎన్విరాన్‌మెంటు ఒకటేనా అని చూస్తాం కదా, ఇదీ అంతే.

ఇక ఆ అంకె కథ. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. 1977 ఫిబ్రవరి 2న కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో కనపడి, పగలు 65, రాత్రి 55 డిగ్రీలకి థర్మోస్టాట్ తగ్గించుకోమన్నాడు. ఏప్రిల్లో, 1985 కల్లా 90 శాతం ఇళ్ళకి ఇన్సులేషన్ ఉండాలని లక్ష్యం పెట్టాడు. 1978 చట్టం, పెట్టిన ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 300 డాలర్లు పన్నులో తగ్గించింది. జనం ఎగబడ్డారు. గిరాకీ పెరిగిన చోట మాయమాటలు కూడా పెరుగుతాయిగా! ఒకడు మందం చెప్పి అమ్మాడు, ఒకడు నోటికొచ్చిన ఆదా చెప్పి అమ్మాడు. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే 'ఆర్-వాల్యూ' అనే కొలత 1940ల నుంచే ఉంది, కొన్నవాడికి మాత్రం అది కనపడేది కాదు. 1979లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం తెచ్చింది: అందరూ ఒకే పద్ధతిలో పరీక్షించాలి, ఆ అంకె సంచీ మీద అచ్చెయ్యాలి. వినియోగదారుడికి నిజంగా మేలు చేసిన నియమాల్లో ఇదొకటని నేనంటాను.

కానీ ఆ అంకె చెప్పేది ప్రయోగశాలలో చక్కగా పరిచిన దూది గురించి. మీ గోడ గురించి కాదు. చిన్న లెక్క చేద్దాం. ఆర్-13 బ్యాట్, పెట్టినచోట 5 శాతం ఖాళీ మిగిలిందనుకోండి. ఖాళీ గాలికి ఆర్ సుమారు 1. వేడి పోయే రేటు: 0.95/13 + 0.05/1 = 0.123. తిరగేస్తే ఆర్-8. ఐదు శాతం నిర్లక్ష్యానికి దాదాపు 40 శాతం జరిమానా! రెండు శాతం ఖాళీకే ఆర్-10.5కి పడిపోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, స్టడ్ చెక్కలోంచి పోయే వేడిని ఇంకా కలపలేదు. వేడికి సగటుతో పనిలేదు, కన్నం ఎక్కడుందో అక్కడికే పోతుంది.

ఇక్కడే సొంతంగా చేసుకోవడం విలువ తెలుస్తుంది. సబ్‌కాంట్రాక్టరుకి డబ్బులొచ్చేది ఎన్ని చదరపుటడుగులు మూశాడన్నదానికి. కరెంటు వైరు అడ్డొస్తే బ్యాట్‌ని దాని మీదే నొక్కేసి పోతాడు. వైరు వెనక బ్యాట్ నలిగిపోతుంది, లేదా ఖాళీ మిగుల్తుంది. చెయ్యాల్సిందేమిటంటే బ్యాట్‌ని మందంలో రెండు పొరలుగా చీల్చి ఒకటి వైరు వెనక, ఒకటి ముందు పెట్టాలి. స్విచ్ బాక్సు ఉన్నచోట దాని ఆకారంలో కత్తిరించి, కోసిన ముక్కని బాక్సు వెనక పెట్టాలి. పొడవు కొంచెం ఎక్కువ కోసి, మొదట లోపలిదాకా తోసి, తర్వాత అంచులు పట్టుకుని ముందుకి లాగి పొంగించాలి. అన్నిటికన్నా ముందు వైర్ల కన్నాలూ, కిటికీ చుట్టూ సందులూ సీల్ చెయ్యాలి. గాజుపీచు గాలిని వడకడుతుంది గానీ ఆపదు. ఫర్నేసు ఫిల్టర్లలో కూడా వాడేది గాజుపీచునే మరి. పూర్తి చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. పీచు క్యాన్సర్ తెస్తుందన్న అనుమానం చాలాకాలం ఉండేది. 2001లో ఐఏఆర్‌సీ ఇళ్ళలో వాడే గాజు ఉన్నిని ఆ అనుమానితుల జాబితా నుంచి తప్పించింది. దురద నుంచి మాత్రం మనల్నెవరూ తప్పించలేదు :)

అన్నీ మనమే చెయ్యాలని కాదు. బేస్‌మెంటులో పూజగదో హోమ్ థియేటరో కట్టుకునేవాళ్ళు కాంక్రీటుకి ఆనించి బ్యాట్ పెట్టకండి, తేమ పట్టి బూజొస్తుంది. అక్కడ ఫోమ్ బోర్డు మేలు. తారుకాగితం మండుతుంది, దాని మీద షీట్‌రాక్ కప్పకుండా వదలకూడదు. పాత ఇంటి అటకలో మెరిసే గులకరాళ్ళలాంటి వర్మిక్యులైట్ కనపడితే కదపొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పర్మిట్ కావాలో వద్దో సిటీ ఆఫీసుని అడగండి. ఇక పన్ను సంగతి: 2022 చట్టం ఇన్సులేషన్ సరుకు ఖరీదులో 30 శాతం వెనక్కిచ్చేది, 2025 చట్టం దాన్ని ఆ ఏడాది డిసెంబరు 31తో ఆపేసింది. ప్రభుత్వాల ఉత్సాహం చమురు ధరలాంటిది. పెరుగుతుంది, తగ్గుతుంది. గోడ మాత్రం మీరున్నంతకాలం అలాగే ఉంటుంది.

కొత్త ఇల్లు కట్టిస్తున్నవాళ్ళకి ఒక్క మాట. షీట్‌రాక్ బిగించేముందు చాలామంది బిల్డర్లు ఇల్లు చూసుకోడానికి ఒకసారి పిలుస్తారు. మనవాళ్ళు ఆ రోజు మీటింగుందని వెళ్ళరు, వెళ్ళినా ఇంటి ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. గోడ లోపలి పని కళ్ళతో చూడగలిగేది ఆ ఒక్క రోజే. టార్చిలైటు తీసుకెళ్ళండి. వైర్ల వెనక, బాక్సుల వెనక, మూలల్లో చూడండి. నలిగిన చోట, ఖాళీ ఉన్న చోట ఫోటో తీసి, సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. చెయ్యనంటే అనుమతి తీసుకుని మీరే నాలుగు బ్యాట్‌లు కొనుక్కెళ్ళి సర్దండి. మర్నాడు షీట్‌రాక్ ఎక్కిందంటే, సంచీ మీద ఆర్-13 అని ఉన్నా మీ ఇంటికొచ్చింది ఎంతో మీకు చెప్పేది నెలనెలా వచ్చే కరెంటు బిల్లే.