పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి?

మా వృత్తిలో ఒక సామెత ఉంది: పనిచేస్తున్న కోడుని ముట్టుకోకు. పదేళ్ళ క్రితం ఎవడో రాసి వెళ్ళిపోయిన ఫంక్షను, అది ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలీదు. నడుస్తోంది కాబట్టి దణ్ణం పెట్టి పక్కనుంచి వెళ్ళిపోతాం. నేనూ అంతే. శ్రీ సిటీ దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో ఓ పూట కూర్చున్నాక మాత్రం ఈ సామెత మీద అనుమానం మొదలైంది.

సంగతేంటంటే, నాన్న వాడిన పాత బుల్లెట్ ఇప్పుడు నా దగ్గరుంది. ఈమధ్య దాని టాపెట్ల చప్పుడు తగ్గింది. బండి బాగుపడిందని సంబరపడ్డాను. వేడి మీద ఉన్నప్పుడు స్టార్టవడానికి మొరాయిస్తోందని మాత్రం సత్యవేడు రోడ్డులో ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన కిక్కు రాడ్డుని మెల్లగా కాలితో నొక్కి చూసి, "చప్పుడు తగ్గిందని సంతోషపడతా ఉండావా సామీ? వాల్వు సీట్లోకి దిగిపోతా ఉండాది. ఇంకొన్నాళ్ళకి కాలిపోతుంది" అన్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు షోళవరం రేసుల్లో హెల్పరుగా పనిచేశాట్ట. అలా మొదలైంది ఈ తవ్వకం.

శ్రీ సిటీ అంటే మనకి 2008 తర్వాత వచ్చిన ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. 2016లో ఇసుజు ప్లాంటు, తర్వాత ఆ పక్కనే హీరో ప్లాంటు. కానీ తడ దగ్గర హైవే ఎక్కి మద్రాసు వైపు వెళ్తే, గుమ్మిడిపూండి దాటాక షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే రేసు ట్రాకుగా వాడుకుంది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చేదాకా దక్షిణాదిలో రేసంటే షోళవరమే. ఫియట్లు, హెరాల్డులు, రాజాల దగ్గరున్న విదేశీ కార్లు అన్నీ అక్కడ పరిగెత్తాయి.

రన్‌వే అంటే పొడుగాటి తిన్నని దారి. తిన్నని దారంటే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి ఉంచడమే. అలాంటి చోట ముందు ఇబ్బంది పడేది వాల్వులే. చిన్న లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు నిమిషానికి 6,000 సార్లు, అంటే సెకనుకి 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అరగంట రేసులో 1,80,000 సార్లు! తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. స్ప్రింగు నీరసపడితే వాల్వు క్యామ్‌ని వదిలేసి గాల్లో తేలుతుంది. సమయానికి మూసుకోకపోతే పిస్టను వచ్చి కొడుతుంది. ఇంకేముంది, ఇంజను తునకలే.

ఎగ్జాస్ట్ వాల్వు బాధ ఇంకోరకం. ఎర్రగా కాలే దాని తలకాయ వేడి ఎక్కువగా సీటు ద్వారానే బయటికి పోవాలి. అంటే మూసుకుని సీటుకి ఆనుకున్న ఆ కాసేపే దానికి ఊపిరి. సీటు అరిగి వాల్వు లోపలికి దిగితే, దాని కాడ పైకి లేచి టాపెట్ సందు తగ్గుతుంది. చప్పుడు తగ్గుతుంది. ఆఖరికి సందే లేకుండా పోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి దిగదు, అంచు కాలిపోతుంది. నా బుల్లెట్ నిశ్శబ్దం వెనక కథ ఇదన్నమాట. ఎర్రర్లు రావట్లేదని లాగ్ ఫైలు చూసి మురిసిపోయేవాడికి, తీరా చూస్తే లాగింగే ఆగిపోయిందని తెలిసినట్టు :)

రేసు ఇంజన్ల చరిత్రలో పెద్ద భాగం ఈ గొడవే. 1912లో ప్యూజో కారు సిలిండరుకి నాలుగేసి వాల్వులతో, తల మీద రెండు క్యామ్‌షాఫ్టులతో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి గెలిచింది. ఒక పెద్ద వాల్వు బదులు రెండు చిన్నవి పెడితే ఒక్కోదాని బరువు తగ్గుతుంది, స్ప్రింగుకి శ్రమ తగ్గుతుంది. తర్వాత శామ్ హెరాన్ అనే ఇంజనీరు వాల్వు కాడని బోలుగా చేసి లోపల సోడియం నింపాడు. అది కరిగి అటూ ఇటూ కదులుతూ తలకాయ వేడిని కాడలోకి చేరవేస్తుంది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా ముప్పైమూడున్నర గంటలు అట్లాంటిక్ మీద ఎగిరిన విమానంలో ఉన్నవి ఆ వాల్వులే. 1954లో మెర్సిడెస్, 1956లో డుకాటీ కోసం తాలియోని, స్ప్రింగునే నమ్మడం మానేసి, మూసే పనినీ క్యామ్‌కే అప్పజెప్పారు. 1986లో రెనో వాళ్ళు ఫార్ములా వన్‌లో లోహపు స్ప్రింగు తీసేసి ఆ చోట గాలి ఒత్తిడి పెట్టారు.

షోళవరంలో ఇవేవీ లేవు. దిగుమతుల మీద ఆంక్షలున్న కాలం, రేసు స్ప్రింగు కావాలంటే కొట్టుకెళ్ళి కొనుక్కునే వీల్లేదు. పెద్దాయన చెప్పినదాని ప్రకారం, స్ప్రింగు కింద వాషరు పెట్టి బిగువు పెంచేవాళ్ళు. అదీ అతిగా పెడితే చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనుకుపోయి మొదటికే మోసం. 80లలో మన రేసు బైకుల్లో యెజ్డీ, ఆర్డీ 350 లాంటి టూ స్ట్రోకులదే రాజ్యం. వాటికి ఈ రకం వాల్వులే ఉండవు. "వాళ్ళు నిద్రపోయేవాళ్ళు, మేం హెడ్డు విప్పుకుని కూర్చునేవాళ్ళం" అని నవ్వాడాయన.

ఆ రాత్రి పనేంటో వరసగా చెప్పాడు. హెడ్డు విప్పి మసి గీకాలి. పోర్టులో పెట్రోలు పోసి వాల్వు చుట్టూ చెమ్మ వస్తుందేమో చూడాలి. గైడులో వాల్వు కాడ ఊగుతోందా అని వేలితో కదిపి చూడాలి. పేస్టు పూసి తిప్పితే సన్నటి బూడిదరంగు రింగు పడాలి, రింగు ఎక్కడైనా తెగితే గాలి పోతున్నట్టే. స్ప్రింగు పొడవు వెర్నియరుతో కొలవాలి. వాల్వు కాడని స్ప్రింగు ప్లేటుకి పట్టి ఉంచే చిన్న లాకుల్ని వెలుతుర్లో తిప్పి తిప్పి చూడాలి. గోరంత లాకు ఊడితే ఇంజనే పోతుంది.

"అన్నీ బాగుంటే?" అన్నాను.

"అయినా స్ప్రింగులు మార్చేదే. బాగుండాదని కనపడతాది సామీ, ఎన్నిసార్లు వంగిందో దానికే తెలుసు."

నాకు తగిలింది ఈ మాటే. అరుగుదల కంటికి కనిపిస్తుంది, లోహం అలసట కనిపించదు. స్ప్రింగు నిన్నటిదాకా పనిచేసిందంటే రేపూ చేస్తుందని కాదు, దాని ఆయుష్షులో అంత ఖర్చయిందని. సామాను దొరక్క దాచుకుని వాడుకునే రోజుల్లో, పనిచేస్తున్నదాన్ని విప్పి పక్కన పడెయ్యడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! కప్పుల మీద డ్రైవర్ల పేర్లున్నాయి. ఆ రాత్రి పార్టులు మార్చినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇదే హైవే మీద తడ నుంచి అటువైపు వెళ్ళి, సూళ్ళూరుపేట దగ్గర కుడికి తిరిగితే శ్రీహరికోట. 2021 ఆగస్టు 12న అక్కణ్ణుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్10 లేచింది. మొదటి రెండు దశలూ బాగా పనిచేశాయి. మూడోదైన క్రయోజెనిక్ దశ దగ్గరికొచ్చేసరికి హైడ్రోజన్ ట్యాంకులో ఉండాల్సిన ఒత్తిడి లేదు. ఈఓఎస్-03 ఉపగ్రహం పోయింది. విచారణ కమిటీ వేలు చూపించింది ఒక వాల్వు మీదే. ఒత్తిడిని అదుపులో ఉంచే ఆ వాల్వు లీకైంది, లోపలి మెత్తటి సీలు దెబ్బతినడం వల్ల అయ్యుండొచ్చని తేల్చింది. ఆ తర్వాత వాల్వుని గట్టిపరిచి, ఇంజను వెలిగే ముందు ట్యాంకులో ఒత్తిడి నింపే ఏర్పాటు కూడా చేశారు. మళ్ళీ జీఎస్ఎల్వీ ఎగిరింది 2023 మే 29న. ఒక సీలు ఖరీదు ఒక ఉపగ్రహం, 21 నెలలు!

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. వాటికి వాల్వులూ లేవు, టాపెట్లూ లేవు. రేపు పెద్దాయన విద్య ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. కానీ ఎక్కడైనా ఏదో ఒకటి అరుగుతూనే ఉంటుంది, మనం "నడుస్తోంది కదా" అంటూనే ఉంటాం.

నా బుల్లెట్‌కి వాల్వు, గైడు మారాయి, సీటు కోయించాం. స్ప్రింగులు బాగానే ఉన్నాయి, అయినా మార్పించాను. టాపెట్లు మళ్ళీ టకటకమంటున్నాయి, హాయిగా ఉంది. ఇక ఆఫీసులో ఆ పదేళ్ళ ఫంక్షను ఉంది. సోమవారం దాన్ని విప్పుదామనుకుంటున్నాను. మా మేనేజరుకి ఇంకా చెప్పలేదు :)