కానిస్టేబుల్ కొలువు, కలకత్తా కాసు

ఫుట్‌బాల్‌లో గెలుపు డబ్బుదా, కోచ్‌దా అన్న తగువు ఇంగ్లండులో దాదాపు తీర్పు దాకా వచ్చింది. సైమన్ కూపర్ అనే పాత్రికేయుడు, స్టెఫాన్ షిమాన్‌స్కీ అనే ఆర్థికవేత్త కలిసి 1978 నుంచి 1997 దాకా 40 ఇంగ్లిష్ క్లబ్బుల లెక్కలు తీశారు. జీతాలకు ఎవరెంత పెట్టారన్న ఒక్క అంకె తెలిస్తే చాలు, లీగులో వాటి స్థానాల మధ్య తేడాలో తొంభై శాతానికి పైగా దానితోనే అర్థమైపోతుందని తేల్చారు. కోచ్ బ్రయాన్ క్లఫ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ లాంటి మామూలు క్లబ్బుతో 1979, 1980ల్లో వరసగా యూరోపియన్ కప్పు గెలవలేదా అంటే, గెలిచాడు, అరుదు కాబట్టే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం అంటారు. ఆ జవాబు సబబే. కాకపోతే ఆ లెక్క చెల్లాలంటే ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికి ఆటగాడు అడ్డులేకుండా పోగలగాలి, ఇచ్చేవాడు బాహాటంగా ఇవ్వగలగాలి. ఈ రెండూ సగం సగమే ఉన్న చోట ఏం జరుగుతుంది? దానికి 1950ల నాటి హైదరాబాదు మంచి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని మనవాళ్లు గర్వంగా తలుచుకున్నారు గాని నిదానంగా విచారించినది తక్కువ.

సంగతులు ముందు చూద్దాం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకుంది. 1956–57, 1957–58ల్లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే కాలంలో కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మైదానాలు జనంతో కిటకిటలాడేవి. పేరుకు అందరూ అమెచ్యూర్లే అయినా లోపాయకారీగా చేతులు మారే సొమ్ము, కంపెనీల్లో ఉద్యోగాలు, అభిమానుల ఆదరణ అన్నీ అక్కడే ఉండేవి. ఈస్ట్ బెంగాల్‌లో పంచపాండవులని పేరుపడ్డ అహ్మద్ ఖాన్, సాలే, అప్పారావు, వెంకటేశ్, ధన్‌రాజ్ ఐదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవారే. అంటే డబ్బు తన పని తాను చేస్తూనే ఉంది. అయినా ఆ డబ్బున్న జట్లను పోలీసు కొలువు చేసుకునే కుర్రాళ్లు ఓడిస్తూ వచ్చారు. దీనికి జవాబుగా అందరూ చెప్పే పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా కూడా ఆయన కథే.

రహీమ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఈ వృత్తి వివరాన్ని ఊరికే చెప్పడం లేదు. 1943 నుంచి కన్నుమూసేదాకా ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కూడా కోచ్. బడిపిల్లల పోటీ ఎప్పుడు పెట్టాలో, నగర లీగులో ఎవరెవరితో ఆడాలో, వాళ్లలో ఎవరిని పోలీసు జట్టులోకి తీసుకోవాలో, వాళ్లలో ఎవరు దేశానికి ఆడాలో ఒకే మనిషి ఆలోచించేవారు. ఆయన పెట్టిన పోటీల సంగతి చూడండి: బంతిని దగ్గర ఉంచుకుని చిందులు తొక్కితే ఒప్పుకోని పోటీ, బలంలేని కాలితోనే తన్నాల్సిన పోటీ, ఇంత ఎత్తు దాటిన పిల్లలు పనికిరారనే పోటీ. పాఠాన్ని నియమంలో దాచేశారు. ఎడమకాలు అలవాటు చేసుకోరా అని వందసార్లు చెప్పే బదులు, ఎడమకాలు లేకపోతే గోలే లేని ఆట పెట్టారు. దీనికయ్యే ఖర్చు ఎంత? ఒక బంతి, ఒక ఈల, సాయంత్రం పూట ఖాళీగా ఉన్న మైదానం. రహీమ్ ఎత్తుగడలను, 4–2–4 అమరికను ఆయన ఎంత ముందుగా వాడారన్న వాదనను అభిమానులు ఎక్కువగా చెబుతారు. నా దృష్టిలో అవి రెండో మెట్టు. పన్నెండేళ్ల వయసు నుంచి ఒకే పద్ధతిలో ఒకే నగరంలో ఆడి పెరిగిన పదకొండు మంది ఒక జట్టులో కుదరడమే ఆ పోలీసు జట్టు బలం. కలకత్తా క్లబ్బు ఏడాదికోసారి మంచి ఆటగాళ్లను కొనుక్కోగలదు గాని, వాళ్లు కలిసి పెరిగిన పదేళ్లను కొనుక్కోలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. పోలీసు ఉద్యోగం మాత్రం డబ్బు కాదా? ముమ్మాటికీ డబ్బే. నెల జీతం, తర్వాత పింఛను, పండగకూ పబ్బానికీ ఇంట్లో బియ్యానికి లోటు లేకపోవడం: పాతబస్తీ, సికింద్రాబాద్ గల్లీల్లో పెరిగిన కుర్రాడికి ఇది చిన్న ఆశ కాదు. కలకత్తా ఇచ్చే సొమ్ము ఎక్కువే కావచ్చు, కాని ఒక సీజను దెబ్బతింటే అది ఆగిపోతుంది. మోకాలు పోయినా కొలువు పోదన్న ధైర్యం ముందు ఆ తేడా చాలామందికి చిన్నదిగా కనిపించి ఉంటుంది. కాబట్టి రహీమ్ డబ్బు లేకుండా గెలిచారనడం తప్పు. ఎక్కువ డబ్బును నిలకడైన డబ్బుతో ఎదుర్కొన్నారు. ఆ ఏర్పాటు ఆయన చేసింది కాదు, పోలీసు శాఖది.

ఇంకో పెట్టుబడి ఎవరి జీతాల పద్దులోనూ రాయనిది. సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లలో బ్రిటిష్ పటాలాలు ఆడుతుంటే చూసి నేర్చుకున్న తరాలు, బడులు, కాలేజీలు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులు, ఒకదానికొకటి సైకిలు దూరంలో ఉన్న మైదానాలు నిజాం కాలం నుంచే నగరానికి ఉన్నాయి. ఇవేవీ లేని చోటితో పోల్చి చూస్తే వీటి విలువ తెలుస్తుంది. తూర్పు కనుమల్లో అరకు లోయ మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పడిందే 1960ల్లో, అదీ బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి. హైదరాబాద్ పోలీసులు కప్పుల మీద కప్పులు గెలుస్తున్న రోజుల్లో పాడేరు, అరకు వైపు కొండ గూడేల్లో పిల్లల కాళ్లలో బలం తక్కువేమీ కాదు. కాని ఒక గూడెం పిల్లలు మరో గూడెం పిల్లలతో వారం వారం ఆడాలంటే ఎక్కి దిగాల్సిన కొండలే అడ్డం. రహీమ్‌ను తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టినా లీగు నడిపేవారు కాదు. కోచ్‌కు ముందు నగరం కావాలి, ఆ నగరాన్ని ఎవరో డబ్బు పెట్టి కట్టి ఉండాలి. శిక్షణే సర్వస్వం అనేవారు ఈ మాట దాటేస్తారు.

అట్లాగని శిక్షణను పక్కన పెట్టేయడానికీ వీల్లేదు. డబ్బు అసలు మారకుండా ఫలితం మాత్రం మారిన సందర్భం ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. కొద్ది రోజులకే, సెప్టెంబర్ 4న, ఫైనల్లో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మధ్యలో మారినవి స్థానాలే. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఇంటికి పంపలేదు, ముందు వరసలో ఆడించారు. అతను సెమీఫైనల్లోనూ గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. జ్వరపడి లేచిన పీటర్ తంగరాజ్‌ను ఫైనల్లో గోల్‌పోస్టు దగ్గర నిలబెట్టారు. ఆ జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి బెంగాల్ మైదానాల్లో ఎదిగినవారు కదా, ఆ స్వర్ణం కలకత్తా డబ్బు పండించిందే కదా అనవచ్చు. ఆటగాళ్ల స్థాయికి సంబంధించి ఆ మాట నిజం. కాని వాళ్లంతా మొదటి మ్యాచ్‌లోనూ ఉన్నారు.

శిక్షణ చేయలేనిది కూడా ఆయన కథలోనే ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10–1తో చిత్తు చేసింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా దిగారు. స్వదేశంలో ఆడే మ్యాచ్‌లు తొంభై నిమిషాలు ఉండేవి కావు. అప్పుడూ కోచ్ రహీమే. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనల్ చేరిన జట్టు మళ్లీ అదే యుగోస్లావియాతో తలపడి, నెవిల్ డిసౌజా గోలుతో ముందు ఆధిక్యం సంపాదించి, చివరికి 4–1తో ఓడింది. బూట్లు వచ్చాయి, బలరాం లాంటి హైదరాబాదీలు వచ్చారు, తేడా తొమ్మిది నుంచి మూడుకు దిగింది. అంతకు మించి దిగలేదు.

1963 జూన్‌లో రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ క్షీణించింది. కలకత్తా సొమ్ము మన ఆటగాళ్లను లాక్కుపోయింది కాబట్టే క్షీణించిందని మామూలుగా చెబుతారు. 1966లో నయీముద్దీన్, హబీబ్ ఈస్ట్ బెంగాల్ చేరారు; 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో వచ్చిన కాంస్యంలో హబీబ్‌దీ చేయి ఉంది, కాని అప్పటికి ఇద్దరూ కలకత్తా మనుషులు. ఇదంతా నిజమే, అయినా కాలక్రమం ఈ వాదనకు ఒప్పుకోదు. ఎందుకంటే వలస 1966లో మొదలుకాలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. శిక్షణకు రావడానికి ఆ కుర్రాడికి సైకిల్ ఏర్పాటు చేసింది రహీమేనని చెబుతారు. అంతటి ఆటగాడు పోయాక కూడా, ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారిన జట్టు 1960లో రోవర్స్ కప్పు, 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. తూము తెరిచి నీళ్లు పోతున్నా పైనుంచి వాగు పారుతున్నంత కాలం చెరువు ఎండదు. రహీమ్‌తో ఆగిపోయింది వాగు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ ఆయన నాటిన వాళ్ల పంటే. ఆ తర్వాతి వరస నాటే పదవి ఎవరికీ అట్లా ఒక్కచోట దక్కలేదు. ఒక మనిషి మూడు కుర్చీల్లో కూర్చోవడం మంచి వ్యవస్థ అని నేననను. అది ఆయన ఉన్నంత వరకే నడిచే ఏర్పాటని ముందే తెలుసుకోవాల్సింది.

డబ్బు పక్షం వారికి హైదరాబాదు ఇటీవల రెండు పరీక్షలు పెట్టింది. మొదటిది, కొత్త శతాబ్దం మొదట్లో గచ్చిబౌలి స్టేడియం కట్టడం, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరపడం. కాంక్రీటు మీద ఖర్చు బాగానే అయింది, ఊళ్లో ఆట మాత్రం లేవలేదు. రెండోది, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు ఎదిగారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి క్లబ్బు ఐఎస్‌ఎల్ గెలిచింది. శిక్షణ గెలిచిందని అందరం చప్పట్లు కొట్టాం. రెండేళ్లు తిరగకుండానే జీతాలు ఆగాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023–24లో ఒకే ఒక్క గెలుపుతో క్లబ్బు అట్టడుగున మిగిలింది. 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయింది. ఇక్కడ కొరవడింది ఎక్కువ డబ్బు కాదు, నెలనెలా వచ్చే డబ్బు; 1950ల్లో పోలీసు శాఖ ఇచ్చింది సరిగ్గా అదే.

మనోలో కథ అక్కడితో ఆగలేదు. 2024 జూలైలో ఆయన భారత జట్టు కోచ్ అయ్యారు, మరోపక్క ఎఫ్‌సీ గోవాకూ కోచ్‌గా కొనసాగారు. రెండు పదవులున్నాయి కాబట్టి రహీమ్‌తో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. రోజూ కళ్లెదుట సాధన చేయించుకున్న గోవా 2025లో ఆయన చేతుల మీదుగా సూపర్ కప్పు గెలిచింది. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే చేతికొచ్చిన దేశ జట్టు, ఆయన తప్పుకునేదాకా, మాల్దీవుల మీద తప్ప ఒక్క మ్యాచ్ గెలవలేదు.