గోల్కొండ గుమ్మటాల్లో మా సాహెబా

గోల్కొండ కోట బంజారా దర్వాజాకు ఉత్తరాన, ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీల గుమ్మటాలున్నాయి. 1518 నుంచి 1687 వరకు ఏలిన ఈ వంశంలో సుల్తానులకూ, వారి ఇంటి ఆడవారికీ, ఆస్థాన హకీములకూ ఒకే తోటలో సమాధులు కట్టారు. ప్రాచీన ఈజిప్టులో కొత్త రాజ్య కాలపు ఫరోలది ఒక లోయ, రాణులది వేరొక లోయ. 1904లో బయటపడిన నెఫెర్తారి సమాధి ఆ రాణుల లోయలోనిదే. గోల్కొండలో అలాంటి ఎడం పాటించలేదు.

ఇక్కడి పద్ధతి ఒకటే. మృతదేహాన్ని ప్రాంగణంలోని హమామ్‌లో కడిగి, ప్రార్థనలయ్యాక ఖననం చేసేవారు. నల్లరాతి సమాధి పైన కనిపిస్తుంది. అసలు గోరీ దానికింద నేలమాళిగలో ఉంటుంది. ఎత్తైన అరుగు మీద చదరపు గది, చుట్టూ కమానుల వరండా, పైన ఉబ్బెత్తు గుమ్మటం. గోడలు రాతివి, వాటిపై గచ్చుతో అల్లిన నగిషీ.

రాజకుటుంబ స్త్రీల సమాధులు చాలావరకు చిన్నవి. సుల్తాన్ మహమ్మద్ సోదరి ఫాతిమా సుల్తాన్‌ది ప్రవేశద్వారం దగ్గరే ఉంది. అబ్దుల్లా కుతుబ్‌షా మెచ్చిన కళావంతులుగా పేరుపడ్డ తారామతి, పేమమతులకూ ఇక్కడే చోటు దొరికింది. పేమమతి 1663లో మరణించింది. రాణులు కాని ఈ ఇద్దరికి రాచతోటలో గుమ్మటాలు లేవడం విశేషమే.

సుల్తానుల గుమ్మటాలకు దీటుగా నిలిచిన స్త్రీ సమాధి హయాత్ బక్షీ బేగంది. ఆమె హైదరాబాద్ నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా తల్లి. జనం ఆమెను మా సాహెబా అనేవారు. 1626లో భర్త పోయేనాటికి కొడుకు వయసు పన్నెండేళ్లు. అప్పటినుంచి పాలనలో ఆమె మాటకు తిరుగులేదు. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు సంధి కోసం అతని శిబిరానికి స్వయంగా వెళ్లింది. భారీ పరిహారం చెల్లించి, మనవరాలిని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్లిచేసే ఒప్పందంతో రాజ్యం గట్టెక్కింది. ఆ సమాధి ఎత్తును ఈ చరిత్రతో కలిపి చూడాలి.

ఇదే కాలంలో ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను 1657లో మరణించింది. ఔరంగాబాద్‌లోని బీబీ కా మక్బరా ఆమెదే. దాని వైభవం భర్త అధికారానికి గుర్తు. గోల్కొండ గుమ్మటం మాత్రం రాజ్యం నడిపిన స్త్రీది.

హయాత్ బక్షీ 1667లో కన్నుమూసింది. సమాధి పక్కనున్న మసీదును అంతకు ఏడాది ముందు, 1666లో, ఆమే కట్టించింది. విజయవాడ దారిలోని హయత్‌నగర్‌కు ఆమె పేరే వచ్చింది. అక్కడి మసీదు చుట్టూ బాటసారులు దిగే గదుల వరుస, దగ్గర్లో హాథీ బావి ఉన్నాయి. వంశపు చివరి సుల్తాన్ తానీషాకు ఈ తోటలో చోటు దక్కలేదు. అతను దౌలతాబాద్‌లో ఖైదీగా మరణించగా, ఖుల్దాబాద్‌లో పూడ్చారు.